ఇనుప ఎద్దు, రాగుల గడ్డి

మొన్న ఆదివారం మా అన్న కూతురు రోషిని ఇంటికి వెళ్ళాను. బెంగళూరు మహదేవపురలో, గేటు దగ్గర పేరు రాయించుకుని, ఫోటో తీసుకుని, పైకి ఫోను చేసి అడిగితేగాని లోపలికి పోనివ్వని అపార్ట్‌మెంట్లలో ఒకటి. అంత విచారణ తట్టుకుని పైకి వెళ్తే, ఆ పిల్ల కాఫీ అయినా ఇవ్వకుండా నా అరచేతిలో ఒక రాక్షసిని పెట్టింది. నా బొటనవేలంత ఉంది. ఒళ్ళంతా ఇత్తడి రంగు పొలుసులు, వెన్ను పొడవునా ముళ్ళు, కప్పలా తెరిచిన నోరు. చూడడానికి అంత చిన్నదైనా చేతికి బరువుగా, చల్లగా తగిలింది. నిజంగా లోహమే. భోజనాల బల్ల నిండా పాత పేపర్లు, సన్నటి కుంచెలు, కాటుక డబ్బీలంత రంగు సీసాలు. అన్నం తినే చోటు ఎక్కడా కనబడలేదు. ఇది వాళ్ళమ్మ చూస్తే ఇంకో రాక్షసి తయారవుతుందనుకున్నాను గాని పైకి అనలేదు.

ఇదంతా ఒక ఆట కోసం. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు అందులో వీరులో మాంత్రికులో అయిపోయి పాచికలు వేస్తూ ముందుకు పోతారు. దారిలో ఎదురయ్యే భూతాలకూ మృగాలకూ ఇలాంటి బొమ్మలు పెట్టుకుంటారు. ఈ ఆట కోసం రోషిని శనివారాలు ఎలక్ట్రానిక్ సిటీ దాకా వెళ్తుంది. బంధువుల పెళ్ళికి పిలిస్తే ట్రాఫిక్ అని తప్పించుకునే పిల్ల ఇదే. బొమ్మకు ముందు నల్ల ప్రైమర్ కొట్టిందట. కుంచెను రంగులో ముంచి, దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, ఆ మిగిలిన ఇత్తడి రంగును పొలుసుల అంచులకు మాత్రం తగిలించిందట. ఆ పైన నీళ్ళలాంటి ముదురు రంగేదో పోసి సందుల్లోకి దిగనిచ్చిందట. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఎవరైనా ఇంత శ్రద్ధగా వివరిస్తుంటే తల ఊపడం అలవాటైపోయింది.

"అత్తా, పెయింటింగ్ మొత్తం అయిపోయింది. బేస్ ఒక్కటే పెండింగ్. కింద నేల, గడ్డి అవన్నీ చెయ్యాలి. గడ్డి ప్యాకెట్ కూడా ఆర్డర్ చేశాను. నువ్వు చేసి పెట్టవా? మీ ఫ్యామిలీ అంతా ఇందులో ఎక్స్‌పర్ట్స్ అంటాడు డాడీ."

"మీ డాడీ అలా అన్నాడా? ఇంకేం చెప్పాడు?"

"ఏదో స్కూటర్ ఎద్దు అంటాడు. అక్కడ్నించి నవ్వడమే. ఎప్పుడడిగినా ఫుల్ స్టోరీ చెప్పడు."

ఇది వింతే. మా సవేరన్నతో కథ సగంలో ఆపించడం ఎవరి తరమూ కాదు. పాలవాడితో మొదలుపెట్టి లిఫ్టులో ఎక్కినవాళ్ళ దాకా అందరికీ తన గుండె ఆపరేషన్ కథ చెప్పే మనిషి. ఫోను చేస్తే నేను స్పీకరు ఆన్ చేసి పక్కన పెట్టుకుని కూరలు తరుక్కుంటాను. అలాంటివాడు ఈ ఒక్కటీ పూర్తిగా చెప్పలేదంటే, చెప్పబోతే ఏడ్చేస్తాడని నాకు తెలుసు. కాబట్టి రోషినికి నేనే చెప్పాను. ఆ రోజు గబగబా చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అప్పట్లో మేము రైలు కట్టకు ఇవతల, చర్చి గంట స్పష్టంగా వినబడేంత దగ్గరలో, వరుసగా కట్టిన పెంకుటిళ్ళలో ఒకదానిలో ఉండేవాళ్ళం. మా నాయనమ్మ ఇన్నాసమ్మను జేజి అని పిలిచేవాళ్ళం. కోలారు పక్కనించి పెళ్ళి చేసుకుని వచ్చిన మనిషి. ఎన్ని దశాబ్దాలు బెంగళూరులో ఉన్నా, ఊళ్ళో మాట్లాడిన తెలుగునే కాస్త కన్నడం కలిపి ఇక్కడా మాట్లాడింది. నాన్న లారీ మీద ఎక్కువగా బయటే ఉండేవాడు. అమ్మ నర్సు. నాన్న తమ్ముడు రాయప్ప చిన్నాయన స్కూటర్లకు సొట్టలు తీసి రంగులు కొట్టే షెడ్డులో పనిచేసేవాడు. ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నా పక్కనుంచి ఎవరు నడిచి వెళ్ళారో నేను చెప్పగలిగేదాన్ని. థిన్నరు వాసన వస్తే చిన్నాయన, ఆస్పత్రి వాసన వస్తే అమ్మ, పొగాకూ కట్టెపొయ్యి పొగా కలిసి వస్తే జేజి. అన్నకు మాత్రం ఏ వాసనా ఉండేది కాదు. వాడు ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు.

ఎందుకంటే ఆ ఏడాది వాడు మాట్లాడడం మానేశాడు. పదో తరగతి దాకా చర్చి వెనుక తెలుగు బళ్ళో చదివాడు. అక్కడ వాడే లీడరు, వాడే పాటగాడు, వాడే అల్లరివాడు. మార్కులు బాగా వచ్చాయని మా చర్చి సాములోరు చెప్పి పెద్ద కాలేజీలో చేర్పించారు. అక్కడ పిల్లలు నిద్రలో కూడా ఇంగ్లిషే మాట్లాడే రకం. అన్నకు ఇంగ్లిషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. నోరు తెరిచేసరికి మాత్రం ఒక్క మాటా బయటికి వచ్చేది కాదు. మధ్యాహ్నం సైకిల్ స్టాండులో ఒక్కడే నిలబడి డబ్బా తినేసి, గంట కొట్టేదాకా సైకిలు గొలుసు తుడుచుకుంటూ ఉండేవాడట. మా వీధి చివర ఒకసారి వాళ్ళ తరగతి పిల్లవాడెవరో కనబడితే, పలకరించాల్సి వస్తుందని బొగ్గుల కొట్టులోకి దూరి, నల్లబడి ఇంటికి వచ్చాడు. మేమంతా నవ్వాం. జేజి నవ్వలేదు. "పిల్లోడు బేజారులో ఉండాడు, మీకు ఎగతాళిగా ఉండాదా" అని మమ్మల్ని కసిరింది.

ఆ కాలేజీ క్యాంటీన్లో ఒక మూల బల్ల దగ్గర డెన్జిల్ అనే కుర్రవాడూ వాడి స్నేహితులిద్దరూ ఈ పాచికల ఆటే ఆడేవారు. విదేశంలో ఉన్న డెన్జిల్ మేనమామ బొమ్మలు పంపేవాడట. అన్న పక్క బల్ల దగ్గర టీ పెట్టుకుని, ఆ టీ చల్లారి మీగడ కట్టేదాకా వాళ్ళ ఆట చూసేవాడు. నెలలు గడిచాయి. ఆట నియమాలన్నీ వాడికి కంఠతా వచ్చేశాయి గాని, ఆ బల్ల దగ్గర నాలుగో కుర్చీ లాక్కుని కూర్చునే ధైర్యం మాత్రం రాలేదు. ఒకనాడు డెన్జిల్ ఒక కొత్త బొమ్మ తెచ్చి, దీనికి రంగు వేయడం ఎవరికీ చేతకావడం లేదని విసుక్కున్నాడు. అప్పుడు మా అన్న నోటినుంచి ఆ కాలేజీలో మొదటి వాక్యం వచ్చింది. "మై అంకుల్ ఈజ్ పెయింటర్."

అబద్ధం కాదు. ఏం పెయింటు చేస్తాడో చెప్పలేదు, అంతే. సెలవులిచ్చే ముందు వచ్చే శనివారం ఆటకు ఆ బొమ్మ కావాలని, ఆ రోజు దాన్ని తీసుకుని అన్నను కూడా ఆటకు రమ్మని డెన్జిల్ చెప్పాడు. అన్న దాన్ని చేతిరుమాలులో చుట్టి, జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా సైకిలు ఒంటి చేత్తో తొక్కుకుంటూ ఇంటికి వచ్చాడు. వాడికి కావలసింది ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ. దానికి టికెట్టు ఈ బొమ్మ.

బొమ్మ ఏమిటంటే, ఒక ఇనుప ఎద్దు. ఆటలో దాని ఒళ్ళంతా ఇనుప పొలుసులతో కప్పి ఉంటుంది. ముక్కులోంచి పొగ వదులుతుంది, ఆ పొగ తగిలిన మనిషి ఉన్నచోటే రాయిలా బిగుసుకుపోతాడు. ఇదంతా అన్న చెబుతుండగానే జేజి దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఆమెకు పొగా వినబడలేదు, పొలుసులూ కనబడలేదు.

"ఎద్దు కదరా ఇది! ముద్దుగా ఉండాది. మన పాకలోకి ఎద్దు లేదే అని నేను దిగులుపడతా ఉంటే ఆ దేవుడే పంపించినాడు" అంది.

డిసెంబరు వస్తే మా ఇల్లు ఇల్లు కాదు, పశువుల పాక. జేజి ట్రంకు పెట్టెలోంచి బాలయేసు పుట్టిన పశువుల పాకలో పెట్టే క్రిస్మస్ బొమ్మలను బయటికి తీసి, చుట్టిన పాత చీర ముక్కలు విప్పి, వరండాలో ఎండకు పరిచేది. పెచ్చులూడినవాటికి మాసికలు వేసి, రంగులు పూసి, గోనెపట్టాను బంకమట్టిలో ముంచి కొండలు నిలబెట్టేది. పళ్ళెంలో మట్టి పోసి రాగులు చల్లి పొయ్యి పక్క వెచ్చగా పెడితే, పండక్కి పచ్చటి గడ్డి తయారయ్యేది. పని అందరం పంచుకునేవాళ్ళం గాని కళ్ళు మాత్రం జేజే దిద్దాలి. జపమాల ముగించి, చీపురు పుల్ల చివర నమిలి కుంచెలా చేసుకుని, ఊపిరి బిగబట్టి దిద్దేది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ తుమ్మడానికి కూడా వీల్లేదు. ఆ ఏడాది పాకలో ఎద్దుకు కొదవ వచ్చింది. కిందటి పండగకు పిల్లి దూకి దాని కాళ్ళు విరగ్గొట్టింది.

"ఇది ఆటకు జేజీ. పండక్కి కాదు" అన్నాడు అన్న. ఈ మాట వాడు నేల చూపులు చూస్తూ, ఎవరికీ వినబడకుండా అన్నాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు వాడు కాలేజీకి పోయాక చిన్నాయన బొమ్మను పరీక్షించాడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూశాడు. వేలితో నిమిరాడు. మొహం చిట్లించాడు. "ఏం అన్యాయమప్పా ఇది. యాక్సిడెంటైన బండి మాదిరి ఉండాది. ఒళ్ళంతా సొట్టలు" అన్నాడు. చిన్నాయన చేతికి సొట్టపడిన లోహం వస్తే ఊరుకోడు, అది ఆయన వృత్తిధర్మం. షెడ్డునుంచి సొట్టలు పూడ్చే పుట్టీ తెచ్చి, సన్నటి రేకుముక్కతో ఎద్దు ఒళ్ళంతా పట్టించి, ఒక పక్క ఎండబెట్టి గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. రెండో పక్కకు వచ్చేసరికి అన్న కాలేజీనుంచి వచ్చాడు.

"ఏం చేసినావు చిన్నాయనా!"

"చూడప్పా, ఎంత నైసుగా వచ్చిందో. చెయ్యి పెడితే జారిపోవాల."

"అవి సొట్టలు కావు. పొలుసులు!"

"ఎద్దుకి పొలుసులు ఎక్కడన్నా ఉంటాయా అప్పా? చేపకి ఉంటాయి" అన్నాడు చిన్నాయన, వీడు కాలేజీలో ఏం చదువుతున్నాడా అని నా వైపు జాలిగా చూస్తూ.

అన్న గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడానికి కూడా వాడు చప్పుడు చేయడం మానేశాడని అప్పుడు గమనించి నాకు భయం వేసింది. చిన్నాయన బిక్కమొహం వేశాడు. అంతలో అమ్మ డ్యూటీనుంచి వచ్చి, సంగతి విని, చెప్పులు కూడా విప్పకుండా బొమ్మను చేతిలోకి తీసుకుంది. రెండో పక్క పుట్టీ ఇంకా మెత్తగానే ఉంది. అమ్మ బ్యాగులోంచి మొద్దుబారి పారేయాల్సిన ఇంజక్షన్ సూది ఒకటి తీసింది. ఎద్దును ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, "కదలొద్దు, చీమ కుట్టినట్టే ఉంటుంది" అని దానికి ధైర్యం చెప్పి, పొలుసు తరువాత పొలుసుగా పుట్టీని గీరి తీసింది. పక్కన నేను లాంతరు పట్టుకున్నట్టు టార్చి పట్టుకున్నాను. అన్న మోకాళ్ళ మీద కూర్చుని, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని చూపించాడు. ఒక పక్క పొలుసులన్నీ తిరిగి వచ్చాయి. గట్టిపడిపోయిన పక్కన మాత్రం ఎద్దు కొత్త స్కూటరులా నున్నగా మిగిలిపోయింది.

ప్రాయశ్చిత్తంగా చిన్నాయన షెడ్డులో ఉన్న వాటన్నిటిలోకీ గొప్పదైన మెరుపు వెండి రంగు వేస్తానన్నాడు. అది ఎవరో పెద్దమనిషి స్కూటరుకోసం కలిపిందట. రంగు గన్నుతో మొదటిసారి కొట్టగానే ఎద్దు ఎగిరి వెళ్ళి మురికినీళ్ళ మోరీలో పడింది. దాన్ని వెతికి తీసి, కడిగి, మేకుకు కట్టి కొట్టాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే అద్దంలా తళతళలాడింది. ఇనుప ఎద్దు ఇంత కొత్తగా ఉండకూడదు, యుద్ధాలు చూసినదానిలా ఉండాలని అన్న గొణిగాడు. ఈసారి చిన్నాయన విన్నాడు. బూటు పాలిష్ తెచ్చి, పాత పళ్ళకుంచెతో పొలుసుల సందుల్లోకి పట్టించి, పైపైన గుడ్డతో తుడిచేశాడు. నలుపు సందుల్లో నిలిచింది, వెండి అంచుల్లో మిగిలింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు. మొన్న రోషిని బల్ల మీద చూసిన ముదురు రంగు సీసా చేసే పని కూడా అదే. మా ఇంటి సీసాకు బూటు వాసన ఎక్కువ, అంతే తేడా.

ఇక కళ్ళు. అన్న ఎర్ర కళ్ళు కావాలన్నాడు. జేజి ససేమిరా అంది. "ఎర్ర కండ్లు పెట్టుకుని బాలయేసు పక్కన నిలబడితే ఆ బిడ్డ దడుసుకోడా?" జపమాల ముగించింది. పుల్ల నమిలింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. కిందికి వాలిన రెప్పలతో, కాటుక పెట్టినట్టు, అప్పుడే కడుపునిండా మేత మేసి వచ్చినంత ప్రశాంతమైన కళ్ళు దిద్దింది. ఊపిరితో మనుషులను బిగదీసి చంపే మృగం మా వైపు చూసిన చూపుకు, దానికి కాస్త కుడితి పెడదామా అనిపించింది. కింద నిలబెట్టడానికి బూటు పాలిష్ డబ్బా మూత తిరగేసి అతికించారు. మూతకు అంచు ఉంది కదా, ఖాళీగా వదిలేస్తే ఏం బాగుంటుందని జేజి అందులో అమ్మ తెచ్చిన దూది పరిచి, ఎర్రమట్టి చల్లి, రాగులు జల్లి, నీళ్ళు చిలకరించి, పొయ్యి పక్కన పెట్టింది. బొమ్మకు గడ్డి కావాలంటే అతికించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. గడ్డి అంటే మొలవాలి. మొలిచింది కూడా. శనివారం దగ్గరపడేసరికి ఎద్దు కడుపు దాకా పచ్చటి గడ్డిలో నిలబడి ఉంది.

జేజి దాన్ని పాకలో పెట్టేసింది. అక్కడే అసలు చిక్కు వచ్చింది. పాకలో పెట్టిన పశువును జనవరిలో ముగ్గురు రాజుల పండుగ అయ్యేదాకా కదపకూడదు. అది జేజి అత్తగారి నాటి కట్టు. వానకు కప్పు కారి కొండ కరిగిపోయిన ఏడాది కూడా, జేజి గొర్రెలకు గొడుగు పట్టుకుని కూర్చుంది గాని బయటికి తీయలేదు. శనివారం పొద్దున అన్న తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పాక ముందు నిలబడ్డాడు. చెయ్యి చాచలేదు. వెళ్ళిపోనూ లేదు.

"ఏమ్రా, కాలేజీకి పొద్దు కాలేదా?" అంది జేజి వంటింట్లోంచి.

"ఎద్దు కావాల."

"పాకలో పెట్టినాంక తీయకూడదు, గొత్తు లేదా, తెలీదా నీకు? పండగ పోయినాంక తీసుకో."

అప్పుడు మా అన్న అన్నాడు. నెలల తరబడి గొంతులో అడ్డుపడినవన్నీ ఒక్కసారిగా వచ్చాయి. "పండగ పోయినాంక నాకెందుకు జేజీ? ఈ పొద్దు తీసుకొని రమ్మన్నారు. ఆ కాలేజీలో నాతో మాట్లాడే మనిషి ఒక్కడు లేడు. సైకిళ్ళ కాడ నిలబడి అన్నం తింటా ఉండాను. ఇది తీసుకొని పోకపోతే ఆ బల్ల పక్కన కూడా కూర్చోలేను, ఇంక ఆ కాలేజీకే పోను." అమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. సైకిల్ స్టాండులో తింటున్నాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. రోజూ డబ్బాలో పచ్చడి ఇంకొంచెం ఎక్కువ పెట్టమని అడిగితే, స్నేహితులకు పెడుతున్నాడేమో అనుకుని సంబరపడేది.

జేజి చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. పాక ముందు మోకాళ్ళూని కూర్చుంది. బాలయేసు వైపు తిరిగింది. "నీకు గాడిద ఉండాది కదా నాయనా. గొర్రెలు ఉండాయి, అమ్మ ఉండాది, నాయన ఉండాడు. మా వానికి ఎవురూ లేరంట. ఈసారికి సర్దుకో" అని చెప్పి, ఎద్దును రెండు చేతులా బయటికి తీసింది. గడ్డి నలగకుండా తడిగుడ్డ చుట్టి, అన్న టిఫిను డబ్బా పై గిన్నెలో పెట్టింది. "పూటపూటకీ నీళ్ళు చల్లమను ఆ పిల్లోల్లని" అని హెచ్చరించింది. జేజి తన కట్టు తానే తప్పిన సందర్భం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఆ రోజు ఎలా గడిచిందో చెప్పలేను. జేజి పాకలో ఖాళీగా ఉన్న చోట గొర్రెను జరిపి పెట్టింది, నచ్చక మళ్ళీ వెనక్కి జరిపింది. చిన్నాయన షెడ్డునుంచి రెండుసార్లు వచ్చి "వచ్చినాడా" అని అడిగి వెళ్ళాడు. నాకు మాత్రం వాళ్ళు పగలబడి నవ్వుతున్నట్టే కనబడుతూ ఉంది. ఒక పక్క స్కూటరు, ఒక పక్క చేప, మొహాన కాటుక కళ్ళు, కాళ్ళ కింద రాగుల చేను. ఎవరు నవ్వరు? సాయంత్రం అన్న వచ్చాడు. డబ్బా ఖాళీగా ఉంది. "ఏమైంది" అంటే "ఏం కాలేదు" అన్నాడు. సంగటి తిన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఇప్పుడైతే ఇలాంటి బాధ ఉండదు. రోషిని వాళ్ళు ఆట మధ్యలోనే ఫోటోలు పంపుకుంటారు, ఎవరి రాక్షసి ఎవరిని మింగిందో ఆటకు రానివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఆ స్నేహితులు దొరకడం కూడా అంత తేలికే. ఆట పేరు ఫోనులో కొట్టిందట, ఎలక్ట్రానిక్ సిటీలో ఒక బృందం కనబడిందట, ఆ వారమే వెళ్ళి కూర్చుందట. మా అన్న పక్క బల్ల దగ్గరనుంచి ఈ బల్ల దగ్గరికి చేరడానికి ఇంటిల్లిపాదీ పనిచేయాల్సి వచ్చింది. ఆ పిల్లను చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది, మనిషి ఒంటరిగా సైకిలు తుడుచుకోవడంలో గొప్పేమీ లేదు. కాకపోతే, రోషిని రాక్షసి మీద ఆమె చెయ్యి ఒక్కటే పడింది. మా ఎద్దు మీద మా ఇంట్లో పడని చెయ్యి లేదు, అందుకే అది అంత అందవికారంగా తయారైంది. నాకు ఆ అందవికారమే ఇష్టం. ఈ మాట రోషినితో అంటే, "అత్తా, దట్ ఈజ్ సో క్యూట్" అంది. చేసేదేముంది.

మర్నాడు ఆదివారం. చర్చిలో పూజకు వెళ్ళి వచ్చి, జేజి అన్నం వారుస్తోంది. అన్న వెనుక కుళాయి దగ్గర తల రుద్దుకుంటున్నాడు. వాకిట్లో సైకిళ్ళు ఆగిన చప్పుడైంది. నేను వెళ్ళి చూస్తే ముగ్గురు కుర్రాళ్ళు. ముందున్నవాడు చేతిలో వాళ్ళింటి టిఫిను డబ్బా మూత తీసి పట్టుకుని, జబ్బుచేసిన పిల్లను ఆస్పత్రికి తెచ్చినట్టు కంగారుగా ఉన్నాడు. వాడే డెన్జిల్ అని తరువాత తెలిసింది. డబ్బాలో మా ఎద్దు. గడ్డి పూర్తిగా పక్కకు వాలిపోయి ఉంది. రాత్రంతా ముగ్గురూ వంతులు వేసుకుని, చెప్పినదానికంటే బాగా, చెంబులకొద్దీ నీళ్ళు పోశారట.

"అజ్జి ఇద్దారా?" అన్నాడు వాడు, తెలుగు రాక, నాకు ఇంగ్లిషు రాదనుకుని, కన్నడంలో. జేజి ఉందా అని.

నేను నోరు తెరిచేలోగా అన్న వెనుకనుంచి వచ్చాడు. లుంగీ కట్టుకుని, తలనిండా సబ్బు నురగతో. వాళ్ళను చూసి టక్కున ఆగిపోయాడు. బొగ్గుల కొట్టు ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు కాబట్టి, వాడిక పరుగు పెట్టడం ఖాయమనుకున్నాను. వాడు పరుగు పెట్టలేదు. కళ్ళమీదికి కారుతున్న నురగ తుడుచుకుని, ఇంట్లోకి తిరిగి, ఆ వరుసలో ఇళ్ళన్నిటికీ వినబడేంత గట్టిగా అరిచాడు.

"జేజీ! మా ఫ్రెండ్స్ వచ్చినారు!"

జేజి గంజి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. డెన్జిల్ డబ్బా ఆమె మొహం ముందుకు చాచాడు. ఆమె ఎద్దు వైపు చూడనే లేదు. ఆ ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది, చూసి అన్న మొహం చూసింది. కొంగు కళ్ళకు అద్దుకుని, నా వైపు తిరిగి, "లూర్దూ, నిలబడి చూస్తా ఉండావే! అన్నం తట్టలు కడిగి వెయ్యి, నలుగురికీ" అంది. వాళ్ళు నలుగురూ వరండాలో ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. అన్న నురగ కడుక్కోవడం కూడా మరిచిపోయి, రాని ఇంగ్లిషులో, ఆగకుండా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఎద్దు సంగతి సాయంత్రం దాకా మాలో ఎవరికీ గుర్తు రాలేదు.